ఆటలు ఆపండి, గేమ్స్ మొదలయ్యాయి

2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది, ప్రణాళికా సంఘం పోయింది అని పిల్లలకు పాఠాల్లో చెప్తున్నారు. ఎక్కడికీ పోలేదు. మకాం మార్చింది, అంతే. ఇప్పుడు హనుమకొండలో, హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లలో కూర్చుని చిన్నపిల్లల పుట్టినరోజులకు ఆటలు ఖరారు చేస్తోంది. మొన్నటి పిల్లవాడికి అయిదేళ్లు నిండాయి కాబట్టి పంచవర్ష ప్రణాళిక అన్న పేరు కూడా మార్చుకోవాల్సిన పని పడలేదు.

నమ్మనివాళ్లకు నా ఫోన్‌లో ఆధారం ఉంది. దావత్‌కు పిలుపు వీడియో రూపంలో వేరే వచ్చింది. అందులో పిల్లవాడు మబ్బుల్లోంచి తెల్లగుర్రం మీద దిగుతాడు. దాని వెనకే ఒక పట్టిక వచ్చింది. 6.30 గ్రాండ్ ఎంట్రీ. 6.45 కోల్డ్ పైరోతో కేక్. 7.00 మ్యాజిక్. 7.20 మిక్కీ మౌస్‌తో మస్తీ. 7.35 కపుల్ గేమ్స్. 8.15 ఫ్యామిలీ గేమ్స్. 8.45 లక్కీ డిప్. అట్టడుగున, 8.55 నుంచి 9.00 దాకా, కిడ్స్ ఫ్రీ ప్లే. పుట్టినరోజు నాడు పిల్లలు ఆడుకోవడానికి అయిదు నిమిషాలు. ఏడాదికి ఒక నిమిషం చొప్పున లెక్క కట్టినట్టున్నారు. మంజూరు చేసినవాళ్ల చెయ్యి పెద్దది.

అయిదేళ్లవాడి పుట్టినరోజులో కపుల్ గేమ్స్ ఎవరికని మీరు అడగరు. మీరూ ఆడే ఉంటారు. మీ ఆవిడ కొప్పులో మీరు స్ట్రాలు గుచ్చిన వీడియో మా చుట్టాల గ్రూపులో తిరిగింది.

థీమ్ కాకతీయ సామ్రాజ్యం. గుమ్మంలోనే బెలూన్లతో కట్టిన కళాతోరణం. అసలు తోరణాలు ఖిలా వరంగల్‌లో నాలుగున్నాయి. నాలుగు దిక్కులా నిలబడి, శతాబ్దాల ఎండావానా తట్టుకుని ఉన్నాయి. ఈ అయిదోది పెద్ద ఫ్యాన్ గాలి తగలగానే ఖమ్మం వైపు ఒరిగింది. దాన్ని పట్టుకుని నిలబడటానికి ఒక మనిషిని పెట్టారు. ఫొటోల్లో పడకుండా అతను తోరణం వెనక వంగి ఉండాలి. "ఫొటో షూట్ గూడ కోటల్నే చేసినమన్నా, మండుటెండల, పోరడు కిరీటం దియ్యనే తియ్యలే," అని పిల్లవాడి తండ్రి గర్వంగా చెప్పాడు. కిరీటం రాసి పుండైన చోట నుదుటి మీద పౌడర్ అద్దారు.

పిల్లవాడి తాత నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పుట్టినరోజు జూలై 1. ఆ ఏడు ఆ బడిలో చేరిన వాళ్లందరి పుట్టినరోజూ జూలై 1. హెడ్మాస్టర్ కలం అట్లా కదిలింది. ఆయన నెత్తిన ఎవరో మెరుపుల టోపీ పెట్టి, గడ్డం కింద రబ్బరు తగిలించి పోయారు. "ఇదంత ఎంతైందట?" అని నా చెవిలో అడిగాడు. చెప్పలేదు. ఆయనకు బీపీ ఉంది.

ఈలోగా యాంకర్ వచ్చాడు. చెంపకు అంటుకున్న మైకు, మెరిసే కోటు, టీవీలో తప్ప ఏ ఊళ్లోనూ మాట్లాడని తెలుగు. "హలో వరంగల్! ఎలా ఉన్నారు? నాకు వినపడట్లేదు! ఎనర్జీ ఏదీ?" అన్నాడు. తాత మర్యాద తెలిసిన మనిషి కాబట్టి లేచి నిలబడి, "బాగనే ఉన్నం బిడ్డా, నువ్వు గూసో," అన్నాడు. యాంకర్‌కు నిజంగానే వినపడలేదు. మనుషులుండే వాడల్లో పగలు 55 డెసిబెల్స్ దాటొద్దని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు అంటాయి. ఆ యాభై అయిదూ ఈ బాబు దగ్గు ఒక్కదానికే చాలవు. మన పల్లెల్లో పిట్టల దొర వచ్చేవాడు, ఖాకీ చొక్కా, నెత్తిన పాత టోపీ, భుజాన కట్టె తుపాకీ. చెప్పేవన్నీ కోతలే. కోతలని ఆయనకు తెలుసు, వినేవాళ్లకు తెలుసు, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాళ్లు. మైకు లేదు. ఎనర్జీ ఏదని ఎవరినీ నిలదీయలేదు.

కేక్ 6.45కు కోయాలి. కోయలేదు. రావలసిన పెద్దమనిషి ఒకాయన ఇంకో మూడు దావతులు చూసుకుని వస్తున్నాడు. పిల్లవాడు కేక్ మీది చక్కెర ఏనుగు చెవి వేలితో గిల్లాడు, చెయ్యి మీద దెబ్బ పడింది. ఎనిమిదింటికి పెద్దమనిషి వచ్చాడు, కత్తి పట్టాడు, ఫొటో అయింది, పోయాడు. పిల్లవాడి పేరు అడగలేదు, వెనక పెద్ద తెర మీద రాసి ఉంది కదా. కొవ్వొత్తి వెలిగించగానే నలుగురు కుర్రాళ్లు స్నో స్ప్రే కొట్టారు. ఆ నురగను బయటికి తోసేది మండే గ్యాసు. మంటకు దూరంగా వాడమని డబ్బా మీద రాసి ఉంటుంది. మనవాళ్లు మంట వెలిగేదాకా ఓపిగ్గా ఆగి మరీ నొక్కుతారు. దేవుడి దయవల్ల ఎవరి కనుబొమ్మలూ పోలేదు.

మ్యాజిక్ అతనికి ఇరవై నిమిషాలన్నారు, ఆరు నిమిషాల్లో దింపేశారు. పద్మశాలీల వాడల్లో ఇంద్రజాలం చూపించి బతికిన సాధనాశూరుల గడ్డ ఇది. పోనీలెండి, ఆ సంగతి యాంకర్‌కు ఎవరు చెప్పాలి. కపుల్ గేమ్స్ టైమైంది.

కుర్చీలాట పిల్లలదని ఇంకా అనుకునేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి.

స్టేజీ మీదికి ఎనిమిది జంటలు ఎక్కాయి. ఏడు కుర్చీలు, ఎర్ర ప్లాస్టిక్‌వి, వీపు మీద సప్లయర్స్ పేరు, ఫోన్ నంబరు. మొగవాళ్లు తిరగాలి, ఆడవాళ్లు పక్కన నిలబడి ఉత్సాహపరచాలి. పాట మొదలైంది. మొదట ఔటైంది ఫిజిక్స్ లెక్చరర్. పాట ఎప్పుడు ఆగుతుందో ఆయన లెక్క వేస్తూ ఉండగానే ఆగింది. రెండో విడత ఇన్సూరెన్స్ ఏజెంటుకు కుర్చీ దొరక్క కూర్చున్నాయన ఒళ్లో కూలబడ్డాడు. లేస్తూ లేస్తూ, పిల్లల చదువుల కోసం ఏమైనా కడుతున్నారా అని అడిగే లేచాడు. కాంట్రాక్టర్ పాట ఆగకముందే కూర్చున్నాడు. అదేంటని అడిగితే, "పని ముందు మొదలువెట్టినం, పర్మిషన్ ఎనక వస్తది," అన్నాడు. ఆయన అట్లాగే మూడు విడతలు గట్టెక్కాడు. నాలుగోసారి కుర్చీతో సహా దింపాల్సి వచ్చింది.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు పిల్లవాడి మేనమామ, పరకాల. రెండో ఆయన పిల్లవాడి మేనత్త మొగుడు, జనగామ. అంటే ఒకరు ఆడపిల్లవారి కొడుకు, ఇంకొకరు మొగపిల్లవారి ఇంటల్లుడు. హాలు చడీచప్పుడు లేకుండా అయింది. ఎందుకంటే పిల్లవాడి అమ్మానాన్నల పెళ్లిలో ఈ ఇంటల్లుడి విస్తట్లో మూలుగ బొక్క పడలేదు. ఆ రోజు వడ్డించింది ఈ మేనమామే. ఆ లెక్క ఇన్నేళ్లుగా తెగలేదు.

ఒకే కుర్చీ. చుట్టూ ఇద్దరు నలభై దాటినవాళ్లు, కళ్లు కుర్చీ మీదే పెట్టి, చేతులు సగం చాపి, అడ్డంగా అడ్డంగా అడుగులేస్తున్నారు. పాట ఆగింది. ఇద్దరూ కూర్చున్నారు. చెరి సగం. మేనమామ కుడి పిర్ర, బావగారి ఎడమ పిర్ర. ఎవరూ లేవలేదు. యాంకర్ అంకెలు లెక్కపెట్టాడు, మళ్లీ పాట పెట్టించాడు, జోకులేశాడు. కుర్చీ కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకు మెల్లగా జారి, మధ్యలోంచి ఫట్టుమంది. ఇద్దరూ కింద పడి కూడా విరిగిన ముక్కల మీద నుంచి కదల్లేదు. "మావోడే ముందుగల్ల కూసున్నడు," అని ఆ పక్క. "కండ్లు కనబడ్తలెవ్వా?" అని ఈ పక్క. డ్రోన్ అతన్ని పిలిపించి వీడియో పెద్ద తెర మీద వేయించారు. మెల్లగా వేసి చూశారు, ఆపి చూశారు, పెద్దది చేసి చూశారు. రెండు ప్యాంట్ల వెనక భాగాలు పది అడుగుల తెర మీద, పిల్లవాడి పేరు పక్కనే. పెద్దత్త ఒకావిడ, "ఆనాడు బొక్క ఎయ్యనోడు ఈనాడు కుర్సీ ఇస్తడా?" అని అనవలసిన మాట అననే అన్నది. అలకలు, బతిమాలడాలు, బావగారు చెప్పులేసుకుని గేటు దాకా పోవడం, వెనక్కి తేవడం. బహుమతి ప్లాస్టిక్ నీళ్ల సీసా. రెండు తెప్పించారు.

తొమ్మిదీ పది. పిల్లల అయిదు నిమిషాలు ఆ గొడవలోనే గడిచిపోయాయి.

అయితే పిల్లలు ఆ మంజూరు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. స్టేజీ వెనక ఆ పెద్ద తెర వచ్చిన అట్టపెట్టెలు పడి ఉన్నాయి. రెండు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పెట్టారు. అది పరకాల బస్సు. పుట్టినరోజు పిల్లవాడు డ్రైవరు. కిరీటం తీసి స్టీరింగ్ చేసుకున్నాడు, కోట షూట్ నుంచి మొదటిసారి దానికో పని దొరికింది. గేరు మార్చినప్పుడల్లా నోటితో చప్పుడు చేసి, కిటికీలోంచి ఉమ్మినట్టు కూడా చేస్తున్నాడు. కండక్టర్ ఆరేళ్ల పిల్ల. పేపర్ ప్లేటు చింపి టికెట్లు కొడుతోంది. "ఆడోళ్లు ఆధార్ కార్డు దీయుండ్రి, జీరో టికెట్. మొగోళ్లు పైసల్ దీయుండ్రి." ఒక బుడ్డోడు తన దగ్గర పైసల్లేవన్నాడు. "అయితే దిగు, నడిసిరా," అంది. వాడు దిగాడు. బస్సు పక్కనే నడుచుకుంటూ వస్తున్నాడు, చాలా సీరియస్‌గా. ములుగు రోడ్డు దగ్గర వాడి మీద జాలిపడి ఎక్కించుకున్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఎవరూ ఫోన్ అడగడం లేదు. ఇందులో ఎవరికీ పైసా ఖర్చు కాలేదు, ఆ కిరీటం అద్దె తప్ప.

అప్పుడు యాంకర్ తెర పక్కనుంచి తల పెట్టి, మైకు ఆపకుండానే అన్నాడు: "పిల్లలూ, ఆటలు ఆపండి! గేమ్స్ మొదలయ్యాయి!"

ఈ వాక్యం ఆ హాలంతా వినపడింది. మూడొందల మంది పెద్దవాళ్లున్నారు. ఒక్కరికీ నవ్వు రాలేదు. తల్లులు లేచి, ఎవరి పిల్లల్ని వాళ్లు బస్సులోంచి చెయ్యి పట్టి గుంజుకొచ్చారు. కండక్టర్ పిల్ల టికెట్ ముక్కలు గుప్పిట్లో పట్టుకునే వచ్చింది, వాళ్లమ్మ గుప్పిట విప్పి దులిపేసింది. కుర్రాడొకడు అట్టపెట్టెల్ని తొక్కి మడిచి మూలన పడేశాడు. డ్రైవర్ నెత్తిన మళ్లీ కిరీటం పెట్టారు, అదే పుండు మీద. వాడు ఏడుపు లంకించుకున్నాడు. "బర్త్‌డే బాయ్ ఎమోషనల్ అయ్యాడు, ఒక్కసారి చప్పట్లు!" అన్నాడు యాంకర్.

కొట్టారు.

మొదటి గేమ్ బెలూన్ బ్లాస్ట్. కాలికి బెలూన్ కట్టుకోవాలి, పక్కవాడిది తొక్కి పగలగొట్టాలి. పగిలిన రబ్బరు ముక్కలు చిన్నపిల్లల గొంతులో అడ్డుపడితే ఊపిరాడదు. అమెరికాలో అయితే ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రమాదమని ప్యాకెట్ మీద అచ్చేయాలని చట్టమే ఉంది. ఇక్కడ పాకే పిల్ల ఒకతి ఒక నీలం ముక్క నోట్లో పెట్టుకుంటే తాత చూశాడు కాబట్టి సరిపోయింది. టోపీ ఎగిరిపోయేట్టు ఉరికి, వేలు పెట్టి తీశాడు. "ఎందుకు బాపూ గేమ్ మధ్యలకు వోతవ్?" అని కొడుకు విసుక్కున్నాడు.

ఆ తర్వాత ఎలుక వచ్చింది. మిక్కీ మౌస్ వేషంలో ఒక కుర్రాడు, డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. మెడ దాకా బొచ్చు బట్ట, దాని లోపల స్పాంజి, పైన తలకాయ డిప్ప. ఎదురు కనపడటానికి ఎలుక నోట్లో అరచేతంత జాలీ. ఏప్రిల్ ఆఖరు, రాత్రి కూడా చెమట ఆరని రోజులు. ఏసీ ముందు మూడు వరుసలకే. యాంకర్ ప్రకటించాడు: మిక్కీ తోక ఎవరు గట్టిగా లాగితే వాళ్లకు చాక్లెట్. లాగారు. చాక్లెట్ అందనివాళ్లు కడుపులో గుద్దారు. గుద్దుతుంటే తండ్రులు ఫోన్లు పట్టుకుని, "ఇంకొకటి నాన్నా, ఇటు తిరిగి," అంటున్నారు. లోపల్నుంచి ఏదో మాట వినపడింది. పాట మోతలో ఎవరికీ పట్టలేదు.

చేతులు కడుక్కునే నల్లా దగ్గర అతను డిప్ప తీసి, నల్లా కింద తల పెట్టాడు. ఈవెంట్ నడిపే ఆయన పరుగున వచ్చాడు. "తల దీస్తవేందిరా? పిల్లలు జూస్తే బుగులు వడ్తరు." "ఒక్క నిమిషం అన్నా." "ఏం నిమిషం, పెట్టు."

భయపడతారట! చెమటకు ఉబ్బి, కళ్లెర్రబడిన ఒక పిల్లగాడి మొహం చూస్తే పిల్లలు భయపడతారట. అదే మనిషిని కడుపులో గుద్దితే భయపడరట, సంబరమట. ఏం నేర్పిస్తున్నారయ్యా వీళ్లకు? ఆ డిప్ప లోపల మనిషి ఉన్నాడని మీ పిల్లలకు చెప్పండి. అదొక్క ముక్క చెప్పడానికి పట్టికలో నిమిషం దొరకలేదా? బగారా అన్నం, రెండు రకాల మటన్, రొయ్యలు, డబుల్ కా మీఠా, మూడొందల విస్తళ్లు. సగం తిని వదిలినవే. తిన్నావా తమ్మీ అని అతన్ని అడిగిన నోరు ఒక్కటి లేదు. డ్రోన్ అతనికి మాత్రం ప్లేటు పట్టుకెళ్లి ఇచ్చారు, మెమొరీ కార్డు అతని దగ్గరుంది కదా.

పదకొండింటికి లెక్కలు తేల్చారు. విరిగిన కుర్చీకి పైసలు ఎవరినీ అడగలేదు, అది ఇంటల్లుళ్ల ఇజ్జత్ విషయం. ఒరిగిన తోరణానికి పూర్తి రేటు. యాంకర్‌కు పూర్తి రేటు, పైన శాలువా. ఎలుక వేషానికి ఒప్పుకున్నది ఆరొందలు. తోక ఊడిందని రెండొందలు కోసి నాలుగొందలు చేతిలో పెట్టారు. తోక లాగితే చాక్లెట్ అని మైకులో అరిచిన నోరు అక్కడే నిలబడి ఐస్‌క్రీమ్ తింటోంది. కోయాలంటే అక్కడ కోయండి.