కొత్త పీజీ కోర్సు: సిలబస్ సరే, చెప్పేవారెవరు?

కొన్నేళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయంలో సిలబస్‌లను పరిశీలించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశానికి బయటి సభ్యుడిగా వెళ్లాను. ఎజెండాలో పదిహేడో అంశం ఒక కొత్త ఎమ్మెస్సీ. దాని వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. స్పైరల్ బైండింగ్ చేసిన సిలబస్ తిరగేస్తుంటే నాలుగో యూనిట్ కింద ‘ఈ పుస్తకాలు మన గ్రంథాలయంలో లభిస్తాయి’ అన్న వాక్యం, పక్కనే ఆ గ్రంథాలయం పేరు కనిపించాయి. ఆ పేరు వేరే రాష్ట్రంలోని విశ్వవిద్యాలయానిది. చూపించాను. అందరూ నవ్వారు. ఆ వాక్యం కొట్టేసి కోర్సును ఆమోదించారు. పాఠాలు ఎవరు చెబుతారని అడిగితే, ‘అది మన బోర్డు పరిధిలోకి రాదు సార్’ అన్నారు అధ్యక్షులు, మర్యాదగానే.

ఆయన అన్నది అక్షరాలా నిజం. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద నడిచే ఆచార్య నాగార్జున వంటి విశ్వవిద్యాలయాల్లో కొత్త కోర్సు మెట్టు మెట్టుగా పైకి వెళుతుంది. శాఖ ప్రతిపాదిస్తుంది, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సిలబస్ చూస్తుంది, అకడమిక్ సెనేట్ తల ఊపుతుంది, చివరికి పాలక మండలి ముద్ర పడుతుంది. క్రెడిట్లు సరిపోయాయా, పేపర్ల మధ్య పొంతన ఉందా, ఫీజు ఎంత అని అడిగేవారున్నారు. అధ్యాపకుడి పోస్టు మాత్రం ఈ దారిలో ఎక్కడా తగలదు. దాన్ని మంజూరు చేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. కోర్సును పుట్టించే అధికారం ఒకరిది, దానికి మనిషిని ఇచ్చే అధికారం ఇంకొకరిది. ఆ రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీద కలుసుకోగా నేను చూడలేదు.

ఈ ఇబ్బందికి మనవాళ్లు కనిపెట్టిన మందు ‘సెల్ఫ్ ఫైనాన్స్’. ప్రతిపాదనలో ఆ మాట ఒక్కటి రాస్తే ప్రభుత్వానికి భారం లేదు, పాలక మండలికి బెంగ లేదు. విద్యార్థుల ఫీజులతో, గంటల లెక్కన డబ్బులు తీసుకునే అతిథి అధ్యాపకులతో తరగతులు మొదలవుతాయి. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో మూడు వేలకు పైగా బోధన పోస్టుల భర్తీకి 2023 చివర్లో నోటిఫికేషన్లు వెలువడి కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి. ఏళ్లుగా నడుస్తున్న శాఖలకే మనుషులు కరవైన చోట, నిన్న పుట్టిన కోర్సుకు ఎక్కడి నుంచి తెస్తారు?

విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం సంగతి వేరు. దాని పరిధిలోని ఏ కళాశాలలోనైనా ఎండీ సీట్లు రావాలంటే జాతీయ వైద్య కమిషన్ అనుమతి తప్పదు. ఆ కమిషన్ మొదట లెక్కపెట్టేది అధ్యాపకులను, పడకలను, రోగులను. తనిఖీ రోజున అధ్యాపకులను అద్దెకు తెచ్చి చూపించిన కథలు అక్కడా తక్కువేమీ కాదు, అందుకే ఆధార్ ఆధారిత హాజరు పెట్టాల్సి వచ్చింది. అయినా ప్రశ్న అడగడమంటూ ఉంది. ఉపాధ్యాయ విద్యలో పీజీ అయిన ఎంఈడీకి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) అడుగుతుంది. మామూలు ఎంఏ, ఎమ్మెస్సీల దగ్గర మాత్రం అడిగే నాథుడు లేడు.

పేరు గొడవ ఇంకొకటి. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం యూజీసీ గుర్తించిన డిగ్రీలే ఇవ్వాలి. 2014లో ఆ జాబితాను గెజిట్‌లో ప్రకటించారు. డిగ్రీ ఎమ్మెస్సీ అయినంత వరకు, పక్కన ఏ సబ్జెక్టు పేరు తగిలించినా అడ్డు పెద్దగా ఉండదు. అందుకని పాత సబ్జెక్టుకు ముందొక విశేషణం, వెనకొక ‘టెక్నాలజీ’ చేర్చి కొత్త కోర్సు తయారుచేస్తారు. ఆ తర్వాత తిప్పలు పిల్లలవి. తెనాలి వైపు నుంచి ఒక అమ్మాయి ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఉద్యోగ ప్రకటనలో బోటనీ ఎమ్మెస్సీ అడిగారు. ఈమె పట్టా మీద పేరు మూడు మాటల పొడవు. ‘మేం చదివింది బోటనీయే సార్, పేరే వేరు’ అంది. రెండూ సమానమేనన్న ధ్రువపత్రం కోసం అప్పటికే నాలుగుసార్లు తిరిగింది, దరఖాస్తు గడువేమో రెండు రోజుల్లో ముగుస్తోంది. ఆ మూడు మాటలకూ ఆమోదం తెలిపిన సమావేశంలో, అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్, ఏపీసెట్ సబ్జెక్టుల జాబితాను ఎవరైనా ఒకసారి ముందు పెట్టుకున్నారా?

గిరాకీ మాటకొస్తే, ప్రతి ప్రతిపాదనలోనూ ‘ఈ రంగంలో అపార అవకాశాలున్నాయి’ అన్న పేరా ఉంటుంది. ఏ రంగమైనా పేరా మారదు. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో పీజీ కేంద్రం తెరిచినప్పుడు అలాంటి పేరా అక్కర్లేకపోయింది. ఈ ప్రాంతపు పిల్లలు పీజీ కోసం వాల్తేరు రైలెక్కడం అందరికీ కనిపించే సంగతి. ఆ కేంద్రమే ఎదిగి 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు మిర్చి యార్డు, చుట్టూ శీతల గిడ్డంగులు, పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉన్నాయి. విజయవాడలో ఆటోనగర్ ఉంది. మిరపకాయ మీద ఎమ్మెస్సీ పెట్టమని నేననను. గిడ్డంగి యజమానికో, లారీ బాడీలు కట్టే షెడ్డుకో ఒక ఫోను చేసి, ‘ఇది చదివినవాళ్లకు మీ దగ్గర పని ఉంటుందా’ అని అడగడానికి అయ్యే ఖర్చెంత?

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ చేసినవారికి ఏడాది పీజీ ఇవ్వవచ్చని యూజీసీ 2024 జూన్‌లో పీజీ పాఠ్యప్రణాళిక చట్రం ప్రకటించింది. అంటే ఒకే సబ్జెక్టులో ఏడాది కోర్సు, రెండేళ్ల కోర్సు పక్కపక్కన నడవాలి. దాంతో ఉన్న పీజీలన్నీ మళ్లీ అవే మెట్లెక్కాలి. ఎజెండాలు ఇంకా లావెక్కుతాయి, పదిహేడో అంశం డెబ్బయ్యో అంశమవుతుంది. కనీసం ఈ విడతలోనైనా ప్రతి ప్రతిపాదనకూ ఒక కాగితం జతచేయాలి: ఏ పేపరు ఏ అధ్యాపకుడు చెబుతాడు, అతనికి ఇప్పటికే వారానికి ఎన్ని గంటలున్నాయి, వరుసగా మూడేళ్లు పదిమంది కూడా చేరకపోతే కోర్సును ఎవరు, ఎప్పుడు మూస్తారు. మూసివేత గురించి ముందే రాసిపెట్టుకోవడం అపశకునం అనుకుంటారేమో తెలియదు గానీ, నేను కూర్చున్న సమావేశాల్లో కోర్సులు పుట్టడమే చూశాను, ఆగిపోయినట్టు ఒక్క తీర్మానం చూడలేదు.

ఆ పదిహేడో అంశం కోర్సుకు రెండేళ్ల తర్వాత ప్రాజెక్టు వైవాకు (మౌఖిక పరీక్షకు) పిలిచారు. వెళితే నలుగురు విద్యార్థులు, వరండాలో నాలుగు కుర్చీలు. పాఠాలు చెప్పిన అతిథి అధ్యాపకుడు అప్పటికే వేరే కళాశాలలో చేరిపోయాడు. నిరుడు ప్రాస్పెక్టస్ చూశాను. కోర్సు పేరు ఉంది, ఎదురుగా సీట్లు 30.