పోపులకు పరలోక వసతి

ఇటలీ మహాకవి దాంతే అలిగేరిని చర్చి ద్వేషిగా జమకట్టేవారిని చూస్తే జాలి కలుగుతుంది. పోపుల పరలోక వసతి గురించి ఇంతటి శ్రద్ధ తీసుకున్న భక్తుడు మధ్యయుగ ఐరోపాలో మరొకరు కనబడరు.

నరకం, ప్రక్షాళన లోకం, స్వర్గం తానే తిరిగి చూసినట్టు ఆయన రాసిన కావ్యం ‘డివైన్ కామెడీ’. దాని నరక కాండలో 19వ సర్గ చదవండి. చర్చి పదవులను, పవిత్ర కార్యాలను డబ్బుకు అమ్ముకున్నవారి కోసం అక్కడ రాతినేలలో గుండ్రని గుంతలున్నాయి. కవిగారు వాటి కొలతను కూడా పాఠకుల ఊహకు వదిలేయలేదు. ఫ్లోరెన్స్‌లోని సెయింట్ జాన్ జ్ఞానస్నాన మందిరంలో ఉన్నవాటికంటే చిన్నవీ కావు, పెద్దవీ కావు అని సెలవిచ్చారు. అలాంటి ఒక గుంతలో 1280లో కాలం చేసిన పోపు మూడో నికొలస్ తలకిందులుగా దిగబడి ఉన్నారు. పైకి కనిపించేవి పిక్కల దాకా కాళ్లు, అరికాళ్ల మీద మంటలు మాత్రమే. కవిగారు వచ్చిన అలికిడి విని ఆయన, “అప్పుడే వచ్చేశావా బొనిఫేస్?” అని అడుగుతారు. కథ జరిగేది 1300లో. పోపు ఎనిమిదో బొనిఫేస్ మరణించింది 1303లో. రాసింది ఆ తరువాతే కనుక, పాత తేదీ వేసి జీవో విడుదల చేసినట్టన్నమాట. కొత్తవారు రాగానే పాతవారు రాతి సందుల్లోకి జారిపోవాలి, బొనిఫేస్ తరువాత వంతు ఐదో క్లెమెంట్‌ది. పీఠం వారసత్వ క్రమం నరకంలో కూడా తప్పకూడదన్న పట్టింపు ఎందరికి ఉంటుంది?

తొలి పోపుగా చర్చి భావించే పేతురు తాళంచెవుల మీద, అంటే పోపు పదవి మీద, గౌరవం అడ్డుపడకపోతే ఇంకా కటువుగా మాట్లాడేవాడినని కవిగారు అక్కడే అంటారు. అంత నిగ్రహం పాటిస్తూనే, విగ్రహారాధకుడు ఒక్కదాన్ని కొలిస్తే మీరు వెండి బంగారాలతో వందను కొలుస్తున్నారని ముగిస్తారు.

ఇదంతా సొంత పగ అనేవారూ ఉన్నారు. బొనిఫేస్ అండతో ఫ్లోరెన్స్‌లో పైచేయి సాధించిన నల్ల గ్వెల్ఫులనే రాజకీయ వర్గంవారు 1302లో దాంతేను పదవిలో ఉండి అక్రమంగా సొమ్ము తిన్నారన్న అభియోగంపై వెలివేశారు, దొరికితే సజీవంగా తగలబెట్టాలని కూడా తీర్పిచ్చారు. పదవులమ్ముకున్నవారికి శిక్ష వేసే పని లంచం కేసు ముద్దాయి చేతికి వచ్చిందన్నమాట. అనుభవం ఎక్కడికి పోతుంది! అయితే వట్టి పగే అయితే లెక్క కుదరడం లేదు. 1303లో ఫ్రాన్స్ రాజు మనుషులు ఇటలీ పట్టణం అనాగ్నీలో అదే బొనిఫేస్‌ను నిర్బంధిస్తే, ప్రక్షాళన కాండలో కవిగారు అది క్రీస్తునే మళ్లీ బందీ చేయడమని గుండెలు బాదుకున్నారు. మనిషికి గుంత, గద్దెకు దండం. ఈ తేడా ఎంచే అలవాటు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

స్వర్గ కాండకు వచ్చేసరికి కవిగారు తన నోరు ఇంకా జాగ్రత్తగా వాడారు. పోపుల మీద ఫిర్యాదును సాక్షాత్తూ పేతురు చేతనే చేయించారు. కోపంతో ఎర్రబడిన ఆయన, “నా స్థానం, నా స్థానం, నా స్థానం” అని ముమ్మారు అంటూ, దాన్ని కాజేసినవాడు తన సమాధిని నెత్తురు, కంపు పారే మురికికాలువ చేశాడని వాపోతారు.

ఈ భక్తి విలువ చర్చికి కొంచెం ఆలస్యంగా తెలిసింది. చక్రవర్తి అధికారం పోపు దయ కాదని వాదిస్తూ దాంతే రాసిన ‘మొనార్కియా’ గ్రంథాన్ని 1329లో ఒక కార్డినల్ తగలబెట్టించారు. 1921లో, కవి ఆరువందలవ వర్ధంతికి, పోపు పదిహేనో బెనెడిక్ట్ ఆయన మా వాడేనని లోకానికి లేఖ రాశారు. తన కాలపు పోపులను ఆయన చేదుగా దూషించారని, ఆనాటి మతాధికారులలోనూ తప్పు పట్టదగినవి లేకపోలేదని అందులో పెద్దమనసుతో ఒప్పుకున్నారు. గుంతల కేటాయింపు రద్దు గురించి మాత్రం ప్రస్తావించలేదు.