ఎక్కిన పాట దిగదు

మానవజాతి ఎదుర్కొన్న ధర్మసందేహాలలో అత్యంత జటిలమైనది ఏదని ఎవరైనా అడిగితే, ఆపిల్ సంస్థవారి ఐట్యూన్స్ అనే సాఫ్ట్‌వేరు అడిగే ఒక ప్రశ్నను నేను తడుముకోకుండా చూపిస్తాను. కంప్యూటరులో హార్డ్ డిస్క్ చచ్చి కొత్తది వేయించుకున్నవారికీ, వైరస్ పట్టిందని సికింద్రాబాదు సీటీసీ కంప్యూటరు దుకాణాలలో విండోస్ ఫార్మాట్ కొట్టించుకున్నవారికీ ఆ ప్రశ్న సుపరిచితమే. పోతే పోయింది, పాటలన్నీ ఆ సంస్థవారిదే అయిన జేబు పాటల యంత్రం ఐపాడ్‌లో భద్రంగానే ఉన్నాయి కదా, వాటిని తిరిగి కంప్యూటరులోకి దింపుకుందామన్న అమాయకపు ఆశతో కేబుల్ తగిలించగానే తెర మీద ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. ఈ ఐపాడ్ మరొక లైబ్రరీతో జతపడి ఉన్నది, దీనిలో ఉన్నదంతా చెరిపివేసి ఈ లైబ్రరీతో జతచేయమంటారా అని అది ఎంతో వినయంగా అడుగుతుంది. ఈ లైబ్రరీలో ఒక్క పాట కూడా లేదన్న సంగతి దానికి మనకంటే బాగా తెలుసు. అయినా నిండుగా ఉన్నదాన్ని తెచ్చి ఖాళీగా ఉన్నదానితో సమానం చేయడమే సింక్ అనే క్రతువు పరమార్థమని దాని సిద్ధాంతం. సామ్యవాదులు కూడా సమానత్వాన్ని ఇంత నిక్కచ్చిగా ఆచరించిన దాఖలా లేదు.

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన బంధువుల సూట్‌కేసులలో చాక్లెట్ల సరసన దిగుమతి అయిన ఈ యంత్రం మన ఇళ్లలో ఎంత గౌరవం పొందిందో వేరే చెప్పనక్కరలేదు. 2001 అక్టోబరు 23న ఆపిల్ తొలి ఐపాడ్‌ను ప్రకటించినప్పుడు దాని ధర 399 డాలర్లు, నిల్వ సామర్థ్యం 5 గిగాబైట్లు, వాగ్దానం జేబులో 1,000 పాటలు. వాగ్దానం అక్షరాలా నిలబెట్టుకున్నారు. జేబులోకి వెళ్లిన పాట తిరిగి బయటికి వస్తుందని వారు ఎన్నడూ చెప్పలేదు, మనమూ అడగలేదు. పైగా ఆ పెట్టె విప్పగానే యంత్రానికి చుట్టిన ప్లాస్టిక్ పొర మీద, సంగీతాన్ని దొంగిలించవద్దన్న హితవు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, జపనీసు భాషలలో అచ్చువేసి ఉండేది. సొమ్ము చెల్లించి కొన్న వస్తువు మీద కొన్నవాడినే దొంగగా అనుమానిస్తూ స్వాగతవాక్యం రాయడం వ్యాపార చరిత్రలో అరుదైన మర్యాద. తెలుగులో రాయకపోవడానికి కారణం మనం నిజాయితీపరులమన్న నమ్మకమో, చెప్పినా బాగుపడమన్న నిరాశో తేల్చుకోలేము.

ఈ ఒంటిదారి పద్ధతికి కొంత వంశచరిత్ర ఉన్నది. 1998లో డైమండ్ మల్టీమీడియా అనే సంస్థ రియో అనే చిన్న ఎంపీ3 ప్లేయరును 32 మెగాబైట్ల నిల్వతో తెచ్చినప్పుడు, అమెరికా రికార్డింగు కంపెనీల సంఘం వెంటనే కోర్టుకు వెళ్లింది. 1999లో అప్పీలు కోర్టు ఆ సంఘం వాదనను తోసిపుచ్చింది. అయితే తీర్పులో, ఈ యంత్రం తనలోని పాటను తిరిగి కంప్యూటరుకు గానీ మరొక పరికరానికి గానీ పంపలేదన్న ముక్కను కూడా రాసిపెట్టింది. పాటను మింగి కక్కకపోవడం సత్ప్రవర్తన కింద నమోదైంది.

ఇక ఐపాడ్ కడుపులోకి వెళ్లిన పాటకు జరిగే మర్యాద చూడాలి. ఐపాడ్‌ను డిస్కుగా తెరిస్తే పాటలేవీ పైకి కనిపించవు. దాచిన ఫైళ్లను చూపించమని విండోస్‌ను బతిమాలుకుంటే ఐపాడ్_కంట్రోల్ అనే ఫోల్డరు, అందులో మ్యూజిక్ అనే మరొక ఫోల్డరు, దాని లోపల ఎఫ్00, ఎఫ్01, ఎఫ్02 అంటూ జైలు గదుల వరస బయటపడతాయి. ఆ గదులలో మన పాటలు ఉంటాయి, కానీ మన పాటల పేర్లు ఉండవు. ప్రతి పాటకూ నాలుగక్షరాల కొత్త పేరు ఒకటి తగిలించి ఉంటుంది. ఈ నామకరణ మహోత్సవం ఎలా జరిగి ఉంటుందో నేను తరచూ ఊహించుకుంటూ ఉంటాను.

పళ్లెంలో బియ్యం పోస్తారు. ఘంటసాల గొంతుతో పుట్టిన బిడ్డను పీట మీద కూర్చోబెడతారు. పురోహితులవారు నక్షత్రం అడగరు, గోత్రం అడగరు, తాతముత్తాతల పేర్లు అసలే అడగరు. ఉంగరపు వేలితో బియ్యంలో క్యూ, జెడ్, వీ, కే అని రాసి, బిడ్డ చెవిలో మూడుసార్లు ఆ పేరు చెప్పమని తండ్రిని ఆదేశిస్తారు. తండ్రికి నోరు తిరగదు. నోరు తిరగకపోవడమే ఈ పేరు ప్రత్యేకత, కంప్యూటరు ప్రాణం తీసినా బిడ్డ జాడ చెప్పలేరు అని పురోహితులవారు అభయమిస్తారు. ఈలోగా మేనత్త కల్పించుకుని, పోనీ అన్నదమ్ములనైనా ఒకే గదిలో ఉంచండి స్వామీ అని వేడుకుంటుంది. అది శాస్త్రసమ్మతం కాదని తేలుతుంది. ఒకే కచేరీలో పుట్టినా సరే, వర్ణం ఎఫ్17కు, తిల్లానా ఎఫ్03కు, మంగళం ఎఫ్29కు వెళ్లవలసిందే. ప్రధాన కీర్తనకు మాత్రం ఎఫ్11లో, రికార్డింగు డాన్సు పాటలు రెండింటికీ నడుమ, గౌరవప్రదమైన చోటు దొరుకుతుంది. ఎవరు ఎవరి బిడ్డో తెలిపే దస్తావేజు ఐట్యూన్స్‌డీబీ అనే ఒక్క ఫైలులో రాసి, పురోహితులవారు దాన్ని తమ మొలలో దోపుకుని, సంభావన డాలర్లలో పుచ్చుకుని వెళ్లిపోతారు. ఇంజనీర్లు దీనికంతటికీ సాంకేతిక కారణాలు చెబుతారు. చెప్పనివ్వండి, బారసాలకు వచ్చినవారు భోజనం చేయకుండా వెళ్లకూడదు.

2006 సెప్టెంబరులో వచ్చిన ఏడవ ఐట్యూన్స్ ఈ విషయంలో కొంత కరుణ చూపింది. పాటలను ఐపాడ్ నుంచి కంప్యూటరుకు తెచ్చుకునే సౌకర్యం అందులో ఉన్నది. ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఆ పాటలు ఆపిల్ వారి దుకాణంలో కొన్నవై ఉండాలి. అలాంటివి ఎన్ని ఉంటాయో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ తానే 2007 ఫిబ్రవరిలో ఒక బహిరంగ లేఖలో లెక్కకట్టి చెప్పాడు: సగటున ఒక్కో ఐపాడ్‌కు 22 పాటలు, అంటే వెయ్యి పాటలలో మూడు శాతం కన్నా తక్కువ. మిగిలిన 97 శాతం జనం ఇతరత్రా సమకూర్చుకున్నవే. ఆ మూడు శాతానికి రాజద్వారం తెరిచి, 97 శాతాన్ని ఎఫ్ గదులలో పడవేశారు.

ఆ 97 శాతంలో సీడీలూ సినిమా పాటలూ మాత్రమే ఉన్నాయనుకుంటే పొరపాటు. ఇంట్లో పాత క్యాసెట్టు ఉంటుంది. దాని మీద ఎవరో బాల్‌పెన్నుతో ‘అమ్మమ్మ హారతి పాటలు’ అని రాసి ఉంటారు. టేపు రికార్డరు హెడ్‌ఫోను రంధ్రం నుంచి కంప్యూటరు లైన్-ఇన్‌కు వైరు లాగి, రాత్రంతా కూర్చుని మనుమడు ఎవరో దాన్ని ఎంపీ3 చేసి ఉంటాడు. అందులో మేలుకొలుపులు ఉంటాయి, అప్పగింతల పాట ఉంటుంది, మధ్యలో కుక్కరు కూత ఉంటుంది, ‘చరణం మరిచిపోయానే’ అని ఆవిడ నవ్విన నవ్వు ఉంటుంది. ఈ పాట ఏ దుకాణంలో కొన్నారని అడుగుతారా? దీనికి హక్కుదారు ఏ రికార్డింగు కంపెనీ? ఆవిడ లేదు, క్యాసెట్టు బూజు పట్టింది, కంప్యూటరు పోయింది, మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఈ తెల్లడబ్బాలో ఉన్నది. దాన్ని ఆవిడ సొంత మనుమడు తన సొంత కంప్యూటరులోకి తెచ్చుకోబోతే చెరిపివేయమంటారా అని అడగడానికి సిగ్గుండాలి. ఏ సంగీతాన్ని ఎవరు దొంగిలించారు? పేరు వివరాలు ఫైలులోనే రాసి ఉంచే ట్యాగు లేని ఇంటి రికార్డింగు ఫోల్డరు కాపీలో బయటికి వచ్చినా పేరు లేని అనాథగానే వస్తుంది, ఎందుకంటే ‘అమ్మమ్మ హారతి పాటలు’ అన్న పేరు ఆ ఐట్యూన్స్‌డీబీ డేటాబేసులోనే ఉండిపోతుంది. ఇది దొంగతనాన్ని అరికట్టే ఏర్పాటు కాదు. ఎవరి పాట పోయినా తమకేమీ పోదన్న నిర్లక్ష్యం, అంతే.

నిర్లక్ష్యానికి సాక్ష్యం కావాలంటే 2014లో అమెరికాలోని ఓక్లండ్ కోర్టులో ఆపిల్ మీద జరిగిన విచారణ ఉన్నది. 2007 నుంచి 2009 వరకు పోటీ దుకాణాలలో కొన్న పాటలను ఐపాడ్‌ల నుంచి తొలగించారని, కారణం చెప్పకుండా యంత్రాన్ని రీసెట్ చేసుకోమన్నారని వాదుల తరఫు న్యాయవాది చెప్పాడు. ఇదంతా హ్యాకర్ల నుంచి రక్షణ కోసమేనని, వినియోగదారులకు మరీ ఎక్కువ సమాచారం ఇచ్చి గందరగోళపరచడం ఇష్టం లేదని ఆ సంస్థ భద్రతాధికారి సెలవిచ్చాడు. ఏడవ ఐట్యూన్స్ నిజమైన మెరుగుదలేనని జ్యూరీ ఆ డిసెంబరులో తేల్చి, సంస్థను గెలిపించింది.

తరువాత వచ్చిన ఐపాడ్ టచ్ అనే రకంలో డిస్కుగా తెరిచే దారి కూడా మూసేశారు, 2022 మేలో ఐపాడ్‌ల వంశమే ముగిసిందని ప్రకటించారు. సొరుగులో పాత చక్రం ఐపాడ్ ఉన్నవారు మాత్రం దాని హార్డ్ డిస్క్ కన్నుమూయక ముందే పాటలు దింపుకోవడం మంచిది. విండోస్‌లో అయితే కేబుల్ గుచ్చేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్ మీటలు రెండూ నొక్కిపట్టి, ఐట్యూన్స్‌లో ఐపాడ్ కనిపించేదాకా వదలకుండా ఉంటే సింక్ తనంతట తాను మొదలుకాదు. తరువాత పెట్టె తెరుచుకుని ఏమి అడిగినా వద్దనే అనాలి. దాచిన ఫోల్డరును యథాతథంగా కాపీ చేసుకోవచ్చు గానీ, ఇంటి రికార్డింగులు ఉన్నవారు ఆ డేటాబేసును చదివి పేర్లతో సహా దింపే ప్రోగ్రాము వాడాలి. మీటలు నొక్కిపట్టడానికి ఒక మనిషి, కేబుల్ గుచ్చడానికి ఒక మనిషి ఉంటే మేలు. కేబుల్ పట్టుకున్నవారు తొందరపాటు మనిషి కాకుండా చూసుకోండి.