అప్పు ఎంతని కాదు, ఏ షరతు మీద తెచ్చారని అడగండి

బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ అదే గోల: అప్పు జీడీపీలో 60 శాతం దాటిందా లేదా? ఐరోపా దేశాలు 1992లో చేసుకున్న మాస్ట్రిక్ట్ ఒప్పందంలో పెట్టిన ఆ 60 ఏమీ లక్ష్మణరేఖ కాదు. ధరల పెరుగుదలతో కలిపి ఏటా 5 శాతం ఎదిగే దేశం 3 శాతం లోటుతో నడిస్తే అప్పు చివరికి 60 దగ్గర నిలుస్తుంది. ఎదుగుదల సగానికి పడిందా, అదే లోటుతో 120కి పోతుంది. అంతే లెక్క.

జపాన్ అప్పు జీడీపీకి రెండింతలు దాటి చాలా ఏళ్లయింది. అంతా సొంత యెన్లలో, ఎక్కువగా సొంత జనం, సొంత కేంద్ర బ్యాంకు చేతుల్లో ఉంది. శ్రీలంక నిష్పత్తి అందులో సగమైనా లేదు. అయినా 2022 జనవరిలో 50 కోట్ల డాలర్ల బాండు తీర్చి, జూలైలో మరో 100 కోట్లు కట్టాల్సి ఉండగానే, ఏప్రిల్‌లో చేతులెత్తేసింది. డాలర్లు ముద్రించే యంత్రం కొలంబోలో లేదు మరి! బ్రిటన్‌ను చూడండి. మొదటి ప్రపంచయుద్ధపు అప్పును 1932లో 5 శాతం వడ్డీ నుంచి మూడున్నరకు దించి, ఎప్పుడు తీర్చాలన్న గడువే లేని పత్రంగా మార్చుకుంది. తీరిగ్గా 2015లో తీర్చింది.

షరతులు ఎంత మంచివైనా వడ్డీ భారం వడ్డీ భారమేనంటారు. నిజమే. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా రక్షణ కన్నా వడ్డీకే ఎక్కువ పెట్టింది. కానీ ఆ భారం లెక్కల్లో కనిపిస్తోంది, దాని మీద కొట్లాడుకోవచ్చు. నాకు భయం కనిపించని అప్పుతోనే.

ఆఫ్రికాలోని మొజాంబిక్ సంగతే తీసుకోండి. 2013, 2014లలో మూడు ప్రభుత్వ కంపెనీలు దాదాపు 200 కోట్ల డాలర్లు తెచ్చాయి. ట్యూనా చేపల వేటకూ తీర రక్షణకూ అన్నారు. ప్రభుత్వం హామీ సంతకం పెట్టింది, పార్లమెంటును మాత్రం అడగలేదు. అందులో సగానికి పైగా అప్పు 2016 దాకా అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)కి కూడా తెలియదు. తెలిశాక సాయం ఆగింది, కరెన్సీ కూలింది, 2017 జనవరిలో వడ్డీ వాయిదా తప్పింది. కొన్న పడవలేమో వేటకు పోకుండా రాజధాని మపూటో రేవులో తుప్పు పట్టాయి.

అందుకే శాతాల పరిమితి చట్టాల మీద నాకు పెద్ద మోజు లేదు. పరిమితి పెడితే అప్పు కంపెనీల పేరు మీదికి, హామీల చాటుకు జారుకుంటుంది. ప్రతి రుణపత్రం, ప్రతి హామీ, ఏ కరెన్సీలో, ఏ వడ్డీకి, ఎప్పటికి తీర్చాలో రాసి, సంతకానికి ముందే చట్టసభ బల్ల మీద పెట్టాలి. సభకు చూపని హామీ చెల్లదని చట్టం చేస్తే, అప్పిచ్చేవాడే ముందుగా ఆ కాగితం అడుగుతాడు.