మా అమ్మ వయసు 78, ఏడు కాదు

మొన్న సాయంత్రం పెద్దవాళ్ల డే కేర్ సెంటర్ నుంచి అమ్మ ఇంటికొచ్చింది. చేతిలో కాగితం ప్లేటుతో చేసిన సూర్యుడు. చుట్టూ నారింజ రంగు కిరణాలు, మధ్యలో గిరగిరా తిరిగే ప్లాస్టిక్ కళ్లు, కింద ఇంత నవ్వు. వెనకాల స్టిక్కర్ మీద అమ్మ పేరు. "ఇదేంటమ్మా?" అంటే "ఏమో, సమ్మర్ యాక్టివిటీ అట" అని బల్ల మీద బోర్లా పెట్టేసింది. కాసేపాగి, "ఎవరైనా వస్తే పిల్లలు చేశారని చెప్పు" అంది.

నలభై ఏళ్లు కుట్టుమిషన్ మీద బతికిన మనిషి ఆవిడ. మనిషిని ఎగాదిగా చూసి భుజం కొలత చెప్పేసేది. ఆవిడ కుట్టిన కాజాకి తిరగేసి చూసినా ఒక్క పోగు లేచి ఉండేది కాదు.

నా వాటా తిట్లు నేనే ముందు తినేస్తాను. ఆ మధ్యాహ్నమే సెంటర్ వాళ్లు గ్రూపులో ఫొటో పెడితే లవ్ సింబల్ కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. పన్నెండు మంది, పన్నెండు సూర్యులు, అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా. ఎలా ఒకేలా వచ్చాయో అప్పుడు ఆలోచించలేదు. అమ్మ చెప్పాక తెలిసింది. కిరణాలు వంకరగా అంటించిందట, అక్కడ పనిచేసే అమ్మాయి పీకి మళ్లీ సరిగ్గా అంటించిందట. "పాపం, ఫొటో తీయాలిగా మరి" అంది అమ్మ. కోపం లేదు ఆ గొంతులో. కోప్పడినా బాగుండేది.

పెద్దవాళ్లకి ఈజీ క్రాఫ్ట్స్ అని ఎక్కడ వెతికినా నర్సరీ క్లాసు సరుకే కనిపిస్తుంది. కప్పులతో కప్పలు, ప్లేట్లతో సీతాకోకచిలుకలు. ఈ "ఈజీ" అన్న మాట దగ్గరే మనం తప్పులో కాలేస్తున్నాం. డెబ్బై దాటాక మొరాయించేవి వేళ్లు, కళ్లు, మెడ. ఏది బాగుందో ఏది బాగాలేదో తెలిసే బుద్ధి ఎక్కడికీ పోదు. మనం మాత్రం వేళ్లని వదిలేసి బుద్ధికి పని తగ్గిస్తున్నాం.

ఆ క్రాఫ్ట్ బల్ల మీద పెట్టే సామాను ఒక్కసారి చూడండి. చిన్నపిల్లల ప్లాస్టిక్ కత్తెర. కీళ్లవాపుతో కణుపులు ఉబ్బిన వేలు ఆ రంధ్రంలో దూరనే దూరదు. నొక్కి వదిలితే తనంతట తనే తెరుచుకునే స్ప్రింగు కత్తెరలు ఉంటాయి, అవి కావాలి. సన్నటి బ్రష్షు పట్టుకోవాలంటే రెండు వేళ్ల మధ్య బిగించాలి, నొప్పంతా అక్కడే. పిడికి స్పాంజి చుట్టి లావు చేస్తే అరచేత్తో పట్టుకోవచ్చు. పిండితే వచ్చే జిగురు సీసా బదులు మూతలో కాస్త పోసి బ్రష్షు ఇవ్వొచ్చు. కాగితం కింద తడిగుడ్డ మీద పరిచిన రబ్బరు షీటు వేస్తే జారదు. ఇవేవీ రాకెట్లు ఎగరేయడం కాదు.

ఇక కళ్లు. అరవై ఏళ్ల కంటి లోపలికి వెళ్లే వెలుగు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే. కంటి లెన్సు పసుపుబారడంతో నీలం, ఆకుపచ్చ దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. అలాంటి వాళ్లకి తెల్ల బల్ల మీద తెల్ల కాగితం పెట్టి, లేత పసుపు రంగిచ్చి, "గీత దాటకుండా వెయ్యండి బామ్మగారూ" అంటే ఏమంటాం? బల్ల మీద ముదురు రంగు గుడ్డ పరిస్తే సగం గొడవ తీరుతుంది.

కూర్చుని తిట్టడం తేలికే కదా అని, సెంటర్ వాళ్లనడిగి నాలుగు శనివారాలు వెళ్లాను. ఒకటి ఒప్పుకోవాలి. పదిహేను మందికి ఒకే అమ్మాయి. మందులు తనే, బాత్రూముకి తీసుకెళ్లేది తనే, క్రాఫ్టూ తనే. పైగా ఫొటోలు రాకపోతే మనమే ఫోన్లు చేస్తాం. ఆ కిరణాలు పీకి అంటించింది ఎందుకో నాకు రెండో శనివారానికి బాగానే అర్థమైంది.

మొదటి వారం గులకరాళ్లకి రంగులు. పర్లేదు, అంతే. రెండో వారం గుడ్డ సంచుల మీద మాస్కింగ్ టేపు అడ్డదిడ్డంగా అంటించి, మధ్య ఖాళీల్లో స్పాంజితో రంగు అద్ది, ఆరాక టేపు లాగేయడం. చేతులు వణికేవాళ్లకి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఎందుకంటే స్పాంజి ఎటు పోయినా టేపు కింద అంచు కత్తిరించినట్టు వస్తుంది. మరొకళ్లు సరిదిద్దాల్సిన పనే పడదు. సంచీ కాబట్టి వాడుకుంటారు కూడా.

మూడో వారం ఎండబొమ్మలు. వేసవికి ఇంతకంటే తగిన పని నాకు కనిపించలేదు. ఇనుప లవణాల మందు పూసిన కాగితం మీద ఏదైనా వస్తువు పెట్టి ఎండలో కొన్ని నిమిషాలుంచాలి. తర్వాత నీళ్లలో కడిగితే ఎండ తగిలిన చోటంతా నీలం, వస్తువు ఉన్న చోట తెలుపు. సయనోటైప్ అంటారు. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆ మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుల్ని ఇలాగే అచ్చేసి పుస్తకంగా తేవడం మొదలెట్టింది. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకం అదేనంటారు. అంటే చేసేది పిల్లాట కాదని చెప్పడానికి ఓ చరిత్ర కూడా ఉంది. మందు పూసిన కాగితం రెడీమేడ్‌గా దొరుకుతుంది. కనబడిందల్లా నోట్లో పెట్టుకునే స్థితిలో ఉన్నవాళ్లకి మాత్రం ఇది వద్దు, వాళ్లకి వేరే పని చూడండి.

దీంట్లో నాకు నచ్చింది ఇంకోటుంది. ఎండలోకి వెళ్లేది ట్రే, మనుషులు నీడలోనే ఉంటారు. పెద్ద వయసులో దాహం సరిగా తెలియదు, చెమట తక్కువ పడుతుంది, కొందరు మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్రల మీద ఉంటారు. "సమ్మర్ థీమ్" అని వాళ్లని ఆరుబయట కూర్చోబెట్టడం ఎవరి ఐడియానో గానీ, మానుకోండి. పొద్దున్నే పెట్టుకుని, మధ్యలో రెండుసార్లు నీళ్లు చేతికివ్వండి. "కావాలా" అని అడిగితే వద్దంటారు.

నేను ఆకులు, ఈకలు పళ్లెంలో పెట్టి తీసుకెళ్లాను. ఒక పెద్దాయన, లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు, పార్కిన్సన్స్‌తో కుడిచెయ్యి ఆగదు. ఆకుల వంకే చూడలేదు. జేబులోంచి తాళాల గుత్తి తీసి "ఇవి పెట్టొచ్చామ్మా?" అన్నారు. "ఆకులు పెడితే బాగుంటుందండీ" అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎలాగో మింగాను. ఎండలో పెట్టిన ట్రేకి నీడలోంచే చెయ్యి చాపారు, అది తగిలి తాళాలు జరిగాయి. కడిగాక చూస్తే ఒక్కో తాళం పక్కన లేత నీలం రంగులో దాని నీడ. చెడిపోయిందని నేను ఇంకో కాగితం ఇచ్చాను. ఆయన ఈసారి ఎండలో రెండు నిమిషాలుంచి, కావాలనే కొంచెం జరిపారు. మూడోసారి రెండుసార్లు జరిపారు. మూడు బొమ్మలు వరసగా పెట్టుకుని, ఏ వరసలో ఉంటే బాగుంటుందో పావుగంట మార్చి మార్చి చూసుకున్నారు.

ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ గురించి తెలిసే ఉంటుంది. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమై, బొమ్మలేసే స్టాండు (ఈజిల్) ముందు నిలబడలేక రంగు కాగితాలు కత్తిరించడం పట్టుకున్నాడు. కాగితాలకి రంగు వేసింది సహాయకులు, గోడకి గుండుసూదులతో గుచ్చింది సహాయకులు. ఎక్కడ గుచ్చాలో మాత్రం ఆయనే చెప్పాడు. మన సెంటర్లలో జరిగేది సరిగ్గా దీనికి తిరగేసి.

1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో ఒక అంతస్తు వాళ్లతో "మీ సంగతులు మీరే నిర్ణయించుకోండి, మొక్క కావాలంటే ఎంచుకుని మీరే చూసుకోండి" అన్నారు. ఇంకో అంతస్తు వాళ్లకి మొక్కలు చేతికిచ్చి, నీళ్లు నర్సులు పోస్తారన్నారు. మొక్కలు ఇద్దరికీ ఉన్నాయి. హుషారు పెరిగింది మాత్రం మొదటి అంతస్తులో. యాభై ఏళ్ల కిందటి ముచ్చట ఇది, మనమింకా నీళ్లు మనమే పోస్తున్నాం.

ఎంచుకోవడంలో "నాకొద్దు" కూడా ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని మమ్మల్ని చూస్తూ వెక్కిరించే ఒకావిడ ఉన్నారు. నాలుగు వారాలూ ఏమీ ముట్టుకోలేదు. ఆవిడ వెక్కిరింతలే లేకపోతే నాలుగో వారం చప్పగా ఉండేది.

అమ్మ ఆ మూడో శనివారం ఏం చేసిందో చెప్పలేదు కదూ. ఇంటి నుంచే సంచిలో పాత బాబిన్, కొలత టేపు ముక్క, రెండు గుండీలు, ఇంత దారం పట్టుకొచ్చింది. దారాన్ని కాగితం మీద చుట్లు చుట్లుగా వదిలి, పైన గాజు పలక బోర్లించి, తన వైపు ఎవర్నీ రానివ్వలేదు. టేపు మీది అంకెలు పడలేదని కాసేపు విసుక్కుంది. ఎండబొమ్మలకి ఇంకో గుణముంది, కడిగి ఆరేశాక ఒకటి రెండు రోజుల్లో నీలం ఇంకా చిక్కబడుతుంది. అది అమ్మకి చెప్పడం మర్చిపోయాను. ఆదివారం పొద్దున్నే నన్ను లేపి, కాగితం కిటికీ దగ్గర పట్టుకుని, "నిన్నటికంటే ముదరలేదూ ఇది?" అంది. కళ్లజోడు పైకి తోసుకుని దగ్గరగా చూసి, దారం ముడిపడిన చోట గోరు పెట్టింది. "ఇదిగో, ఇక్కడ పాడుచేశాను. ఆ కాగితాలు ఇంకా మిగిలాయా?"