ఆదివారం, ఒక ఖాళీ సీసా

ఒక్కడినే మ్యూనిక్ వెళ్తుంటే ఎవరైనా ముందే చెప్పొద్దూ, జర్మనీలో ఆదివారం సూపర్ మార్కెట్లన్నీ మూతేస్తారని! శనివారం రాత్రి దిగాను. పొద్దున్నే కడుపు నకనకలాడుతుంటే వీధంతా షట్టర్లే. రైల్వే స్టేషన్లో ఒక కొట్టు తెరిచుంది. నీళ్లసీసా కొని గటగటా ఎత్తేస్తే ముక్కులోంచి సోడా! సీసా మీద రాసే ఉంది, మనకు చదవడం వస్తేగా. పైగా సీసాకి 25 సెంట్లు అదనంగా పట్టారు. ఖాళీది మిషన్లో వేస్తే వెనక్కిస్తారట. ఆ మిషన్ ఎక్కడుంది? మూతేసిన సూపర్ మార్కెట్లో. పారేయడానికి మనసొప్పక రోజంతా చంకలో పెట్టుకు తిరిగాను. తిట్టుకోవడానికైనా పక్కన మనిషి లేడు. సాయంత్రం ఈజార్ నది గట్టున కూలబడి, అమ్మ కట్టిచ్చిన నువ్వుండలన్నీ తినేశా. వాటా అడిగేవాళ్లూ లేరు మరి.