గ్రూపులో పెట్టాం, చూడలేదా?

మహారాజశ్రీ మా కుటుంబ వాట్సాప్ గ్రూపు గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరి క్షేమం గురించి అడగక్కర్లేదు. పొద్దున్నే ఐదింటికి మొదలయ్యే గులాబీలు, నెమలి ఈకలు చూస్తే తెలుస్తూనే ఉంది. నా సంగతే బాగోలేదు. మొన్న ఆదివారం విజయవాడ నుంచి తెనాలి వెళ్లి, ఊరూ పేరూ తెలియని వాళ్ల ఓణీల ఫంక్షన్‌లో 1,116 రూపాయలు చదివించి వచ్చాను.

మా చెల్లి నిశ్చితార్థం మంగళగిరికి మార్చారట. నేనెక్కిన బస్సు మంగళగిరి మీదుగానే వెళ్లింది. కిటికీ పక్కనే కూర్చున్నాను కూడా.

హాలు గుమ్మంలో బల్ల, బల్ల మీద స్కానర్, నోటుబుక్కుతో ఓ కుర్రాడు. డబ్బు కొట్టాను, పేరూ ఫోన్ నంబరూ రాసుకున్నాడు. మన వాళ్లొక్కరూ కనబడకపోతే ఇంకా రాలేదనుకుని పంక్తిలో కూర్చున్నా. ముద్దపప్పు వడ్డించాక ఓ పెద్దావిడ నా ముఖంలోకి తేరిపార చూసి, "ఎవరి తాలూకు బాబూ?" అంది. పెళ్లికూతురికి అన్నయ్యనన్నాను.

"పెళ్లికూతురేంటయ్యా, మా పిల్లకి పన్నెండేళ్లు!"

లేవబోయాను. విస్తరి ముందు నుంచి లేవకూడదని భుజం పట్టి కూర్చోబెట్టి, ఇంకో గరిటె నెయ్యి పోయించింది.

బయటికొచ్చి బాబాయికి ఫోన్ చేస్తే నాలుగోసారికి ఎత్తి ఏమన్నాడో తమరికి తెలుసు. "అదేంట్రా, గ్రూపులో పెట్టాను కదా, చూడలేదా?"

వెతికాను. పెట్టాడు. శుక్రవారం రాత్రి 10:47కి, రెండు నిమిషాల నలభై సెకన్ల వాయిస్ మెసేజ్. అందులో రెండున్నర నిమిషాలు తెనాలి హాల్లో జనరేటర్ ఎందుకు పనిచేయదో చెప్పి, చివరి పది సెకన్లలో మంగళగిరి అన్నాడు. దాని పైన వాము నీళ్ల మహిమ, కింద మన జాతీయ గీతమే ప్రపంచంలో గొప్పదని యునెస్కో ప్రకటించిందన్న పాత అబద్ధం. 63 మందిలో ఒక్కరైనా ఫోన్ చేసి "హాలు మారిందిరా" అనొచ్చు కదా? ఎందుకంటారు, గ్రూపులో పెట్టారు కదా!

ఒకప్పుడు ఇదే బాబాయి మూలలకు పసుపు రాసిన శుభలేఖలు సంచిలో వేసుకుని టీవీఎస్ మీద ఇల్లిల్లూ తిరిగేవాడు. పిన్ని గడప దాటొచ్చి అమ్మకు బొట్టు పెట్టి, "ముందురోజే రావాలక్కా" అనేది. ఒక్క ఇల్లు మర్చిపోతే పదేళ్లు మాటలుండేవి కావు. ఇప్పుడు పిలుపు అందకపోయినా తప్పు నాదే. పిలవలేదని అలిగే హక్కు కూడా లాగేసుకున్నావు కదే నువ్వు!

2016లో జియో వచ్చి డేటా ఉచితంగా పంచుతున్నప్పుడు, ఆ దసరాకి నువ్వు పుట్టావు. అంతకుముందు నెలకి ఒక్క జీబీని నెయ్యిలా పొదుపుగా వాడుకునే ఇల్లు మాది. 2018లో ఫార్వర్డ్ ఒకేసారి ఐదుగురికే అని కట్టడి పెడితే మా మామయ్య ఐదేసి చొప్పున పది విడతలు పంపాడు. ఓపికకి దండం పెట్టాలి. వదిలిపోదామంటే, 2022 నుంచి చడీచప్పుడు లేకుండా తప్పుకోవచ్చు, అడ్మిన్లకు మాత్రమే తెలుస్తుందట. మా 63 మందిలో 41 మంది అడ్మిన్లు.

కరోనా రోజుల్లో నాయనమ్మ పోతే ఎక్కడివాళ్లం అక్కడే ఉండిపోయి, రాత్రంతా నీలోనే ఏడ్చాం. ఆమె పాత ఫోటోలు ఒక్కొక్కరి దగ్గర్నుంచీ ఒక్కొక్కటీ వచ్చాయి. అది మర్చిపోలేదు. అందుకే ఇన్నాళ్లూ నీ గులాబీలు భరించాను, ఫోన్ నిండిపోయినప్పుడల్లా కూర్చుని తుడిచాను. కానీ ఆదివారం నాడు బాబాయి చివర్లో పెట్టిన మెసేజ్ ఏంటో తెలుసా? "వచ్చిన వారందరికీ ధన్యవాదాలు." దానికి 44 దండాలు. నేను రాలేదన్న సంగతి ఏ ఒక్కరూ గమనించలేదు. ఆ తెనాలి పెద్దావిడ మాత్రం నేనెవర్నో తెలియకుండానే నా ఆకులో ఏం తక్కువైందో చూసింది.

నిన్న కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నగారూ, పాప వాళ్ల నాన్నని. మీరెవరో మాకు తెలియకపోయినా చదివింపులు అందాయి. భోజనం సరిగ్గా చేశారో లేదోనని మా అమ్మ ఒకటే గొడవ. ఫోటోలు చూసుకుంటారని మా గ్రూపులో కలిపానండీ."

ఈ పొద్దున ఐదింటికి మొదటి గులాబీ అక్కడి నుంచే వచ్చింది.

ఇట్లు,
మ్యూట్‌లో ఉన్న
తమరి 38వ సభ్యుడు